కాకికి ఇచ్చిన మాట

నాచారం,
2025 జూలై 1, మంగళవారం.

పూజ్యులైన పెద్దబాపు ఉప్పలయ్య గారికి, మీ తమ్ముడు మహిపాల్ బిడ్డ త్రివేణి దండం పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. అక్కడ మీ మోకాళ్లూ, పెద్దమ్మ షుగరూ, మొన్న ఈనిన బర్రే, దాని దూడా అన్నీ బాగున్నాయని అనుకుంటాను.

‘మీరు’ అని రాస్తుంటే ఎవరో ఆఫీసరుకు అర్జీ పెట్టుకుంటున్నట్టు ఉంది. నా నోటికి అలవాటైన ‘నువ్వు’ అనే రాస్తాను, ఏమీ అనుకోకు. ఫోన్ ఉండగా ఈ పిల్ల ఉత్తరం ఎందుకు రాసిందని నువ్వు కళ్లద్దాలు వెతుక్కుంటూ అనుకుంటావని తెలుసు. ఫోన్‌లో నీకు వినపడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే అమ్మకు వినపడుతుంది, కింద వాటాలో ఉండే అరుణకుమారి టీచర్‌కు వినపడుతుంది, వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినపడుతుంది. పైగా బాపు పేరు వచ్చేసరికి నువ్వు అక్కడ ఏడుస్తావు, నేను ఇక్కడ ఏడుస్తాను, చెప్పాలనుకున్నది అట్లాగే మిగిలిపోతుంది. ఉత్తరంలో అయితే నువ్వు ఏడ్చినా కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదువుకోవచ్చు.

తొలి ఏకాదశి వెళ్లిన మర్నాడు వచ్చి, నన్ను ఉప్పల్‌లో లాంగ్ టర్మ్ కోచింగ్‌కు మళ్లీ చేర్పిస్తానని అమ్మతో చెప్పావట. అమ్మ ఆ రోజే నా పాత బ్యాగు ఉతికి ఆరేసింది. పెద్దబాపూ, నువ్వు తప్పకుండా రా. కానీ చేర్పించడానికి రాకు. నీట్ రెండుసార్లు రాశాను, రెండుసార్లూ సీటు దగ్గర దాకా వెళ్లి ఆగిపోయాను. మూడోసారి రాయాలో వద్దో తెలుసుకోవడానికి నాకు ఒక ఏడాది కావాలి. ఆ ఏడాది కోచింగ్ ఉండదు, పరీక్షలుండవు, ఎవరూ నన్ను మార్కులు అడగకూడదు. నువ్వు ఒప్పుకుంటే తప్ప అమ్మ ఒప్పుకోదు. నువ్వు ఒప్పుకోవాలంటే, బాపు పోయిన మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు నువ్వు ఇచ్చిన మాట సంగతి ఏదో ఒకటి తేలాలి. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసిందే నీకు చెప్తున్నానని విసుక్కోకు. అదే సంగతి నేను నిలబడిన చోటు నుంచి ఎట్లా కనపడిందో నీకు తెలియదు కదా.

బాపు ఆ పొద్దున మల్లాపూర్ ఫ్యాక్టరీకి ఫస్ట్ షిఫ్టుకు బయలుదేరాడు. మెట్టు మీద కూర్చుని ఎడమ కాలి బూటు లేసు కట్టుకున్నాడు. కుడి కాలిది పట్టుకుని, ఆగండి అన్నట్టు ఒక చెయ్యి ఎత్తాడు, గోడకు ఆనుకున్నాడు. నేను ఇంటర్ పరీక్షలకు చదువుకుంటూ ఎదురుగానే ఉన్నాను. ఏదో గుర్తు చేసుకుంటున్నాడని అనుకున్నాను. ఆయన అప్పుడప్పుడు అట్లా ఆగి, టిఫిన్ బాక్సు పెట్టుకున్నానా లేదా అని గుర్తు చేసుకునేవాడు. అమ్మ వచ్చి భుజం పట్టుకునేసరికి ఒరిగిపోయాడు. ఆటోలో తీసుకెళ్లాం. దవాఖానాలో ఆ కుర్ర డాక్టర్, ఆలస్యమైందని, మొదట్లోనే పక్కన తెలిసినవాళ్లెవరైనా ఉండి గుండె మీద ఒత్తి ఉంటే ఏమైనా చెప్పగలిగేవాళ్లమని అన్నాడు. ఊరి నుంచి నువ్వు వచ్చేసరికి బాపును బయటికి తెచ్చేశారు. డాక్టర్ అన్న మాట నీకు చెప్పింది నేనే. ఆ మాట నువ్వు అక్కడితో వదిలిపెట్టలేదు.

మూడో రోజు ఊళ్లో పిట్టకు పెట్టడానికి వెళ్లాం. విస్తరిలో అన్నం, కోడికూర, గుడ్డు, పక్కన కల్లు సీసా. పెద్దమ్మ అన్నీ తన చేత్తోనే వడ్డించింది. అమ్మను విస్తరికి కొంచెం ఇవతల కూర్చోబెట్టారు. కాకి తుమ్మచెట్టు మీద ఉంది, చూస్తోంది, దిగదు. ఎండ ముదిరింది. పోయినాయన మనసులో ఏదో ఉంది, అది తీరుస్తామని చెప్తే గాని ముట్టడని ఎవరో అన్నారు. ఇక ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. మేనమామ వచ్చి చెల్లెల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటానన్నాడు. కాకి దిగలేదు. ఏడాది దాకా ఏ కార్యమూ తక్కువ కానివ్వమని పెద్దమ్మ మాట ఇచ్చింది. దిగలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన దుర్గేష్ అన్న చెట్టు వైపు చూసి, పీఎఫ్ కాగితాలు దగ్గరుండి చేయిస్తానని దండం పెట్టాడు. నవ్వొచ్చే మాట, కానీ ఎవరూ నవ్వలేదు. కాకి అటు తిరిగి కూర్చుంది.

అప్పుడు నువ్వు తువ్వాలుతో మొహం తుడుచుకుని ముందుకొచ్చావు. కళ్లు మూసుకుని చేతులు జోడించావు.

“తమ్మీ, నీ బిడ్డను డాక్టర్ను జేస్త. ఇంట్ల ఒక డాక్టర్ ఉంటె నువ్వు గిట్ల పోయెటోనివి కాదు. మాట ఇస్తున్న, ముట్టు నాయినా.”

కాకి దిగింది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. ఎవరో నా తల మీద చెయ్యి పెట్టి, విన్నవా బిడ్డా, మీ బాపు మనసుల గదే ఉన్నదని అన్నారు. నాకు అప్పుడు పదిహేడేళ్లు. బతికున్నప్పుడు బాపు నన్ను ఏమవుతావని ఎప్పుడూ గట్టిగా అడగలేదు. బైపీసీ తీసుకుంటానంటే, లెక్కల బాధ తప్పిందని నవ్వాడు. పోయాక మాత్రం ఆయనకు ఇంత కోరిక ఉందని ఊరంతటి ముందు తెలిసింది. నమ్మకుండా ఎట్లా ఉంటాను? నా కళ్లతో నేనే చూశాను.

కోపంతో రాస్తున్నానని అనుకోకు. కోపం లేదని కూడా చెప్పలేను. పెద్దబాపూ, పోయిన మనిషికి మాట ఇచ్చావు, పక్కనే నిలబడ్డ మనిషిని అడగలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఏం జరుగుతోందో నీకు పూర్తిగా తెలియదు. పండుగలకు వచ్చి వెళ్లేవాళ్లకు కనపడేది కాదు అది. అమ్మ రోజూ వంట కాగానే మొదటి ముద్ద తీసి డాబా మీద పిట్టగోడ మీద పెడుతుంది. చాలా కాకులు వస్తాయి. వాటిలో ఒకదానికి ఎడమ రెక్కలో ఒక ఈక లేదు. బాపు ఎడమ చేతి చిటికెన వేలు కొస మిషన్‌లో పోయింది కదా. అమ్మ ఆ సంగతి ఎప్పుడూ నోటితో అనలేదు. కానీ ఆ కాకి వచ్చేదాకా మిగతావాటిని చీపురుతో అదిలిస్తూ నిలబడుతుంది. వచ్చాక దానితో మాట్లాడుతుంది.

ఏం మాట్లాడుతుందో తెలుసా? నా మార్కులు. కోచింగ్‌లో ప్రతి ఆదివారం పరీక్ష పెట్టి సాయంత్రానికి మార్కులు ఫోన్‌కు పంపేవాళ్లు. సోమవారం పొద్దున అమ్మ ముద్ద పెట్టి, ఫిజిక్స్‌లో ఎంత, కెమిస్ట్రీలో ఎంత, బోటనీలో ఎంత అని వరసగా చెప్పేది. కాకి తల ఒక పక్కకు వంచి వినేది. వెంటనే తింటే అమ్మ మొహం వెలిగిపోయేది, మీ బాపు సంతోషపడ్డాడని నాకు ఇంకో గరిటె కూర వేసేది. ఒక సోమవారం అది ముద్ద వైపు చూసి, నా వైపు చూసి, ముట్టకుండా ఎగిరిపోయింది. ఆ వారం ఫిజిక్స్‌లో నా మార్కులు బాగా తగ్గాయి. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ పూట కూరలో ఉప్పు వేయడం మర్చిపోయింది, ఇద్దరం అట్లాగే తిన్నాం.

అరుణకుమారి టీచర్ మొదట్లో నవ్వుకుంది. ఆవిడది కాకినాడ వైపు, అక్కడా కాకికి పెడతారట గాని మార్కులు చెప్పరట. ఇప్పుడు ఆవిడే మెట్ల మీద ఎదురైతే, ఇవాళ తిన్నదా అమ్మా అని గొంతు తగ్గించి అడుగుతోంది.

బాపు బూట్లు మంచం కింద ఉన్నాయి. ఎడమ దానికి ముడి వేసి ఉంటుంది, కుడి దానికి ఉండదు. అమ్మ వాటి మీద దుమ్ము తుడుస్తుంది, మళ్లీ అట్లాగే పెడుతుంది. ఒకసారి ఇల్లు ఊడుస్తూ నేను తెలియక కుడి లేసును లోపలికి దోపాను. అమ్మ వచ్చి చూసి, దాన్ని బయటికి లాగి, అది ఎటు వాలి ఉండేదో అటే వాల్చింది.

కోచింగ్‌లోనైనా ఇవన్నీ మర్చిపోవచ్చు అనుకున్నాను. ఉప్పల్‌లో మా క్లాసు మూడో అంతస్తులో. కిటికీ అవతల ఏసీ డబ్బా మీద కాకులు కూర్చునేవి. మిగతా పిల్లలకు అవి ఉత్త కాకులు. నేను మాత్రం రెక్కలు చూసేదాన్ని. అంతకంటే కష్టమైంది ఇంకొకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. గుండె పాఠం వచ్చినప్పుడు అందరూ బొమ్మ వేసుకుని గదుల పేర్లు రాసుకున్నారు. నేను బొమ్మ వేస్తుంటే బాపు మెట్టు మీద కూర్చుని చెయ్యి ఎత్తాడు. ఏ రక్తనాళం ఎక్కడ మూసుకుపోతే ఏమవుతుందో సార్ చెప్తున్నకొద్దీ, ఆ పొద్దున ఇంట్లో ఏం జరిగిందో నాకు ఇంకా స్పష్టంగా తెలుస్తూ వచ్చింది. అప్పుడు నేను చెయ్యగలిగింది ఏముందో కూడా తెలుస్తూ వచ్చింది. ఛాతీ మీద చేతులు ఎక్కడ పెట్టాలో, ఎంత లోతుగా ఒత్తాలో ఇప్పుడు నాకు తెలుసు. ఎదురుగా కూర్చున్న రోజు తెలియదు. నేర్చుకున్న ప్రతిసారీ ఆయన నా ముందు మళ్లీ పోయేవాడు.

ఇప్పుడు నాచారం బస్టాపులో పెద్దవాళ్లెవరైనా గుండె దగ్గర చెయ్యి పెట్టుకుంటే, ఆ చెయ్యి కిందికి దిగేదాకా నేను బస్సు ఎక్కను. ఎక్కువసార్లు వాళ్లు జేబులో చిల్లర వెతుక్కుంటూ ఉంటారు. నేను బస్సు వదులుకుని నిలబడి ఉంటాను.

ఈ మే నెల పరీక్ష గురించి నువ్వు అమ్మను అడిగావట, పిల్ల ఎందుకు తడబడిందని. నాకు సెంటర్ బోడుప్పల్ అవతల ఒక స్కూల్లో పడింది. బయాలజీలో గుండె మీద ఒక ప్రశ్న ఇచ్చారు. జవాబు తెలుసు. పెన్ను ఎత్తాను. వెంటిలేటర్ దగ్గర ఎక్కడో కాకి అరిచింది. ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. సరిగ్గా బాపు ఎత్తినట్టే ఉంది నా చెయ్యి, కాగితానికి అంత పైన. నేను దాన్ని కిందికి దించలేకపోయాను. పరీక్ష హాల్లో ఉన్న మేడం వచ్చి ఏమైందమ్మా అని అడిగేదాకా అట్లాగే ఉన్నానట. తర్వాత మిగిలినవన్నీ గబగబా నింపాను. ఆ ఒక్క ప్రశ్నతో సీటు పోయిందని చెప్తే అబద్ధమవుతుంది. ఆ హాల్లో నేను ఒక్కదాన్నే కూర్చుని రాయలేదని మాత్రం చెప్పగలను.

ఫలితాలు వచ్చిన రోజు నా స్నేహితురాలు మానస ఫోన్ చేసింది. ఆమెకు ఈసారి సీటు ఖాయం. పాపం, నా ర్యాంకు విని నాకంటే ఎక్కువ ఏడ్చింది. నీకెంత బాధగా ఉందో అన్నది. నాకు బాధ అనిపించలేదు పెద్దబాపూ. ముందు వచ్చింది భయం. రేపు పొద్దున పిట్టగోడ దగ్గర అమ్మ ఈ సంగతి ఎట్లా చెప్తుందా అని. అప్పుడే నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. డాక్టర్ కావాలన్న కోరిక నాదేనా, లేక ఆ రోజు అందరూ కలిసి నా నెత్తిన పెట్టి పంపిందా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఈ ఇంట్లో, ఆ కోచింగ్‌లో ఉండి ఆలోచిస్తే తేలదని కూడా అర్థమైంది.

ఇప్పుడు నా ఏడాది సంగతి చెప్తాను, నిదానంగా చదువు.

పోయిన వారం అమ్మకు దగ్గు పట్టి వదలకపోతే హెచ్ఎంటీ నగర్ వైపు పట్టాభిరామయ్య గారని ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన. రెండు గదుల క్లినిక్, బయట ప్లాస్టిక్ కుర్చీలు. ఆయన దగ్గర పనిచేసే మనిషి ఊరికి వెళ్లిపోయాడట, చీటీలు ఆయనే రాసుకుంటూ, పేర్లు ఆయనే పిలుచుకుంటూ, దగ్గేవాళ్ల కంటే ఎక్కువ దగ్గుతున్నాడు. మర్నాడు నేను ఒక్కదాన్నే వెళ్లి, నన్ను పెట్టుకుంటారా అని అడిగాను. నీట్ రాశానని, సీటు రాలేదని, అసలు కావాలో లేదో తెలియడం లేదని చెప్పాను. ఆయన కోచింగ్ గురించి గానీ ర్యాంకు గురించి గానీ అడగలేదు. రోజంతా జనం తమ నొప్పులు చెప్తుంటే వినగలవా అని అడిగాడు. వినగలనో లేదో తెలియదన్నాను. అయితే ఒక పూట కూర్చుని చూడమ్మా, నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్లిపో, నేనేమీ అనుకోను అన్నాడు.

కూర్చున్నాను. చీటీలు రాశాను, బరువులు చూశాను. బీపీ చూడటం ఆయన నేర్పాడు. ఒక ముసలామె జబ్బేమీ లేకుండానే వచ్చి, కోడలి మీద చెప్పాల్సినవన్నీ చెప్పి, మందు రాయించుకోకుండానే సంతోషంగా వెళ్లిపోయింది. తర్వాత మల్లాపూర్ ఫ్యాక్టరీ నుంచి ఒకాయన వచ్చాడు, షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. ఆయన చొక్కాకు బాపు చొక్కా వాసన. ఆ నూనె, ఆ కెమికల్ ఘాటు, చెమట. ఛాతీలో మంటగా ఉందన్నాడు. రాస్తున్న చీటీ వదిలేసి లేచాను. డాక్టర్ గారు లోపల ఇంకొకరిని చూస్తున్నారు. నేనే ఆ ఫ్యాక్టరీ ఆయన చేతికి పట్టీ చుట్టాను, బీపీ చూశాను, రాశాను, లోపలికి వెళ్లి డాక్టర్ గారికి ముందు ఈయనను చూడమని చెప్పాను. తీరా చూస్తే పొద్దుటి నుంచి ఏమీ తినకుండా రెండు మిర్చీ బజ్జీలు తిన్నాడట, అదీ మంట. ఆయన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. పెద్దబాపూ, నా చెయ్యి ఆగిపోలేదు. ఇంటికి నడిచి వస్తుంటే తట్టింది, ఆ పూటంతా నాకు కాకి గుర్తు రాలేదు.

అందుకే ఈ ఏడాది అక్కడ పనిచేస్తాను. పుస్తకాలు అటక మీద పెడతాను. చలికాలంలో నీట్ ఫారాలు వచ్చేనాటికి, లేదా ఆ పై ఏడాదికి, నాకే తెలుస్తుంది. డాక్టర్ కావాలనిపిస్తే నేనే నిన్ను పిలిచి ఉప్పల్ తీసుకెళ్లమంటాను, అప్పుడు ఎవరు అరిచినా చెయ్యి ఆగదు. వద్దనిపిస్తే బీఎస్సీలో చేరతాను. అదీ కాకపోతే ఇంకేదో చేస్తాను. ఏం చేసినా నా అంతట నేను చేసినట్టు ఉంటుంది. ఏడాది పోతే ఇక నేను చదవలేనని అమ్మ భయపడుతోంది. నాకూ ఆ భయం లేకపోలేదు.

నిన్ను మాట తప్పమని నేను అడగను. నువ్వు తప్పే మనిషివి కావు, తప్పితే నీకు నిద్ర పట్టదు. ఆర్టీసీలో కండక్టర్‌గా ఉన్నప్పుడు చిల్లర ఇవ్వడం మర్చిపోయిన మనిషి కోసం డిపో చుట్టూ తిరిగినవాడివి. నేను అడిగేది ఒక్కటే. వచ్చినప్పుడు నువ్వు ఒకసారి డాబా మీదికి ఎక్కు. మోకాళ్లు నొప్పి పెడతాయని తెలుసు, నేను చెయ్యి పట్టుకుంటాను. ఆ గోడ దగ్గర నిలబడి బాపును గడువు అడుగు. తమ్మీ, పిల్లకు జర టైం ఇయ్యి అని. ఆ రోజు ఆయన విన్నది నీ మాట కాబట్టి, ఇప్పుడూ నువ్వు చెప్తేనే వింటాడు. నేను చెప్తే వినడు. చాలాసార్లు చెప్పి చూశాను.

ఈ కాలంలో ఇంత చదువుకుని కాకిని నమ్ముతుందా ఈ పిల్ల అని ఎవరైనా అంటే అననీ. నమ్ముతానో లేదో నాకే తెలియదు. కానీ అది వచ్చి కూర్చుంటే, చదువుతున్న పుస్తకం మూసి చేతులు కట్టుకుని నిలబడుతున్నాను.

పెద్దమ్మకు దండాలు. దూడకు ఏం పేరు పెట్టారో రాయండి.

నీ రాక కోసం, అంతకంటే నీ మాట కోసం చూస్తూ,
నీ తమ్ముని బిడ్డ,
త్రివేణి

తా.క. (గురువారం పొద్దున)

ఉత్తరం మంగళవారమే రాసినా పోస్టు చెయ్యలేదు. నిన్న సాయంత్రం ప్యాకింగ్ పని నుంచి వచ్చిన అమ్మ, టేబుల్ మీద ఇన్ని కాగితాలు చూసి, పరీక్ష లేదు కదా ఏం రాస్తున్నావని అడిగింది. దాచడం చేతకాలేదు. మొత్తం చదివి వినిపించాను. అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది. అయిపోయాక కూడా ఖాళీ గిన్నెలోనే చెయ్యి తిప్పుతూ కూర్చుంది. తర్వాత, ఇది బావకు రాయి, నేను చెప్పినట్టే రాయి అన్నది. అమ్మ అన్న మాటలు మార్చకుండా రాస్తున్నాను.

“బావ కండ్లు మూసుకొని మొక్కుతుండె. అందరు బావనే సూస్తున్నరు. మీ బాపుకు పొద్దుగాల చాయ్‌ల టోస్టు లేకుంటె నడువకపోతుండె. నేను కొంగున కట్టుకొని తెచ్చిన. గన్ని కూరల నడుమ బేకరీ టోస్టు పెడితె నలుగురు నవ్వుతరని ఊకున్న. అది ఎంతసేపటికి దిగుతలేదు. ఇగ పాణం ఆగక, ఇరిచి ఇస్తార్ల ఏసిన. గప్పుడే దిగింది. అన్నం ముట్టలే, కూర ముట్టలే. ముందుగాల టోస్టే ముట్టింది.”

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. అమ్మ తల ఎత్తలేదు.

“మాట తీరనన్ని దినాలు ఆయన వస్తడు. తీరితె ఇంకెందుకొస్తడు బిడ్డా? నువ్వు డాక్టర్‌వైతె పోతడు. కానని చెప్పినా పోతడు. గిట్ల నడుమల ఉంటెనే వస్తడు. నీకు సీటు రాలేదన్న దినం మస్తు ఏడ్చిన. గని లోపల జర నిమ్మళమైంది. ఇంకో ఏడు వస్తడు గదా అని.”

అమ్మ పక్కన కూర్చున్నాను. నేల మీద రాలిన ఈనెలు ఏరాను. కాబట్టి పెద్దబాపూ, నువ్వు మోకాళ్లతో మెట్లు ఎక్కి గడువు అడగాల్సిన పని లేదు. ఊరికే మమ్మల్ని చూడటానికి రా.

ఈ పొద్దున అమ్మ గోడ మీద అన్నం పెట్టింది. పక్కన టోస్టు విరిచి పెట్టింది. ఈక లేని కాకి వచ్చేదాకా నిలబడింది. నేను తలుపు దగ్గర ఉన్నాను. అమ్మ మార్కుల మాట ఎత్తలేదు. పిల్ల సంగతి పిల్ల చూసుకుంటుందని, దాని కోసం నువ్వు రావాల్సిన అవసరం లేదని కాకితో నెమ్మదిగా చెప్పింది. లోపలికి రాబోయి, గడప దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నది.

“ఊకె రావాలనిపిస్తె రా.”